కాలువ గట్టున పిల్లల పాక

ఇప్పటికి పద్నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. ఒక్కదానికే జవాబు వచ్చింది. అందులో ఉన్నది ఒకే ఒక్క ముక్క: మీరు రాసిన సంగతికీ కాలువ పనికీ సంబంధం లేదు అని. మిగిలిన పదమూడింటిలో ఒకటి ఏమైందో మాత్రం నాకు తెలుసు. లాకుల దగ్గరి కచేరీలో గుమాస్తా దాన్ని చింపి పొడుం పొట్లం కట్టుకుని రొండిన దోపుకోవడం కళ్లారా చూశాను. నా దస్తూరీ నాకు తెలియదా?

"అది నా అర్జీ అండీ" అన్నాను.

"పాతదేలెండి" అన్నాడాయన.

ఆ మాట అని పదిహేనేళ్లయింది. ఆయన మరిచిపోయి ఉంటాడు. నేను మరిచిపోలేదు. ఆ గుమాస్తాకు పై ఉద్యోగం అయిందని తర్వాత విన్నాను. ఇదీ మరిచిపోలేదు.

అర్జీ కాగితం మీద మనవి చేసుకోవడానికే సగం చోటు పోతుంది. మహారాజశ్రీ అని మొదలుపెట్టి, చిత్తగించవలెను అని ముగించేసరికి అసలు సంగతి మూడు పంక్తుల్లో ఇరుక్కుంటుంది. అందుకని ఇప్పుడు ఏ బిరుదులూ లేకుండా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివేవాళ్లలో కచేరీ వాళ్లున్నా సరే, లేకపోయినా సరే.

మాది కాలువ శివారు ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయల్దేరిన నీరు పై ఊళ్ల పొలాలన్నీ తడిపి, మిగిలితే మాకు వస్తుంది. మా వైపు పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతికి మిగిలిపోయినవాణ్ణి చూసి "వీడు శివారు రైతురా" అని నవ్వుతారు. అరటికాయ కూర అయిపోయాక, పప్పు పలచబడ్డాక కూర్చునేవాడన్నమాట. ఆ నవ్వు మాకు అలవాటే.

గోదావరి ఎర్రనీరు ఒండ్రు తెస్తుంది. ఆ ఒండ్రు పొలానికి బలం, కాలువకు రోగం. ఏటా కోతలైపోయి ఎండలు ముదిరాక కాలువలు కట్టేస్తారు. నీరు దిగిపోయి అడుగు కనిపించాక, పేరుకున్న పూడిక తవ్వి గట్టుమీద పోయాలి. మృగశిర కార్తెకు మళ్లీ నీరు వదులుతారు. పని అంతా ఈ మధ్య రోజుల్లోనే. మగవాళ్లు పారలతో తవ్వుతారు, ఆడవాళ్లు తట్టలతో మోస్తారు. ఒక్కొక్క పారకు ఇద్దరు మోసేవాళ్లు కావాలి. మోసేవాళ్లు లేకపోతే తవ్వేవాడు పార ఆనించుకుని నిలబడతాడు. నేను చెప్పబోయేదంతా దీనిమీదే ఆధారపడి ఉంది. కచేరీ వాళ్లకు ఎన్నిసార్లు రాసినా ఎక్కనిదీ ఇదే.

నేను ఒక జట్టుకు మేస్త్రీని. వీధిబడిలో నేర్చుకున్న నాలుగక్షరాల వల్ల ఆ పని దొరికింది.

మోసే ఆడవాళ్లలో సగంమంది పసిపిల్లల తల్లులు. పిల్లల్ని గట్టుమీద ఎండలో పడుకోబెట్టి దిగేవారు. కొత్త కాలువ, కొత్త గట్టు. చెట్టన్నది లేదు. బిడ్డ ఏడిస్తే తల్లి తట్ట పడేసి గట్టెక్కేది. ఎక్కినావిడ వెంటనే దిగదు గదా. ఎండ నడినెత్తికొచ్చే వేళకు పిల్లల్ని చంకనేసుకుని అందరూ ఇళ్లకు పోయేవారు. మధ్యాహ్నం నుంచి పారలు ఆనించుకునే నిలబడేవి. అలా ప్రతి ఏడూ, మా ఊరికి ఎగువనున్న పెద్ద వంపులో పూడిక మిగిలిపోయేది. నీరు వదిలాక అక్కడే వెనక్కి తన్నేది. మా ఊరికి శ్రావణం దాటాక గాని వచ్చేది కాదు.

ఒక ఏడు మా అమ్మ తట్టతో గట్టెక్కుతూ జారి తుంటి ఎముకకు దెబ్బ తగిలించుకుంది. ఇక మొయ్యడానికి పనికిరాదు. ఇంట్లో కూర్చోలేదు. నాలుగు వెదురు కర్రలు పాతి, పాత చీర కట్టి, దాని కింద చతికిలబడింది.

"ఒరే అబ్బాయ్, నేను మొయ్యలేను గానీ కూర్చోగలను గదరా. పిల్లల్ని నా దగ్గరొదిలేసి ఎల్లమను" అంది.

మొదటిరోజు ఇద్దరు పిల్లలు. నాలుగోరోజుకు పదకొండుమంది. పక్క జట్ల వాళ్లు కూడా తెచ్చి దింపిపోయేవారు. ఎవరి పిల్ల ఎవరిదో తికమక పడకుండా, ఆ తల్లి చీర అంచులోంచి ఒక పోగు లాగి పిల్ల కాలికి కట్టేది మా అమ్మ. సాయంత్రం తల్లులు వచ్చేసరికి ఎవరి అంచు పోగును బట్టి వాళ్లకు అప్పగించేది. "కాళ్లు కడుక్కుని రండర్రా, పిల్లలకి మట్టి పూత్తారేంటి" అని కేకలేసేది.

అప్పటి ఓవర్సీరు పంతులుగారు పెద్దవాడు. గొడుగేసుకుని కాలువ పొడవునా నడిచేవాడు. ఒక మధ్యాహ్నం మా జట్టు దగ్గర ఆగాడు.

"ఏమయ్యా మేస్త్రీ, ఈ వేళప్పుడు కూడా మీ వాళ్లు మోస్తూనే ఉన్నారేంటి?"

"మా అమ్మ చలవండి" అన్నాను.

ఆయన గట్టెక్కి చీర కింద తొంగిచూశాడు. మా అమ్మ లేవలేదు.

"లేవలేనండీ, తొడమీద పిల్లోడు నిద్దరోతన్నాడు. అయ్యగారు ఏమీ అనుకోకండి" అంది.

"లేవకమ్మా, లేవకు" అన్నాడాయన. కాసేపు అక్కడే గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఆ గొడుగు నీడ పిల్లలమీద పడేలా కాస్త పక్కకు జరిగాడు. అది కావాలని చేశాడో, కాళ్లు నొప్పెట్టి జరిగాడో నాకు తెలియదు.

మూడోరోజుకల్లా తాటాకు పాక లేచింది. రెండు కుండల నీళ్లు, పైన దూలానికి ఉయ్యాలలు. మా అమ్మకు ఒక మనిషి కూలి. పాలిచ్చే తల్లులకు మధ్యాహ్నం ఒక ముంత గంజి. పక్క మేస్త్రీ ఒకడు అడిగాడు, ఇదంతా ఏ పని కింద చెయ్యొచ్చండీ అని.

"పార అరిగితే కొత్త పార ఇవ్వటం లేదా? ఇదీ అంతే. పనిముట్టు" అన్నాడు పంతులుగారు.

ఆరు వేసవులు ఆ పాక ఉంది. తల్లులు సాయంత్రం దాకా మోశారు. పెద్ద వంపులో అడుగు తేలింది. నీరు వదిలిన పన్నెండో రోజుకే మా ఊరి తూము దగ్గర నీళ్లు చూశాం. ఊరందరూ పసుపూ కుంకుమా తీసుకుని తూము దగ్గరికి వచ్చారు, నీళ్లు కొత్తకోడలైనట్టు. పై ఊళ్లతో పాటే మేమూ ఆకుమళ్లు పోసుకున్నాం. రెండో ఏటి నుంచి కొందరు రెండో పంటగా దాళవా కూడా వేశారు. జొన్న తిన్న ఇళ్లలో వరి అన్నం రెండుపూటలా ఉడికింది.

ఇంకోటి జరిగింది. రోజంతా పని దొరికిన ఆడవాళ్ల చేతుల్లో నాలుగు రాళ్లు ఆడాయి. మా చెల్లెలు గేదె పెయ్యను కొంది. ఎదురింటామె ఇంటిమీద తాటాకు తీసేసి పెంకు వేయించింది. కొనేవాళ్లుంటే అమ్మేవాళ్లు వస్తారు. లాకుల దగ్గర వారానికొక సంత మొదలైంది. పై ఊరి గానుగవాడు ఎద్దుతో సహా వచ్చి మా ఊళ్లో దిగాడు. ఏ ఏటికా ఏడు పారిపోయే వీధిబడి పంతులు, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు.

ఇదంతా కాలువ మహిమ అన్నారు పెద్దలు. కాదనను. కాని నీరు తనంతట తాను మా ఊరు రాలేదు. తట్ట మోసే మనిషి సాయంత్రం దాకా కాలువలో నిలబడితే వచ్చింది. ఆ మనిషి నిలబడింది తన బిడ్డకు నీడ ఉండబట్టి. లాకు తలుపు తీసేస్తే కాలువ ఏమవుతుందో కచేరీలో అందరికీ తెలుసు. పాక తీసేస్తే ఏమవుతుందో మాత్రం వాళ్లకు పద్నాలుగు అర్జీలు రాసినా తెలియలేదు.

ఓవర్సీరు పంతులుగారికి బదిలీ అయింది. కొత్త ఓవర్సీరు వచ్చాడు. మొదటిరోజే పాక ముందు ఆగాడు.

"ఇదేంటి, సత్రమా?"

"పిల్లల పాకండి."

"కాలువ తవ్వడానికొచ్చారా, పిల్లల్ని పెంచుకోడానికొచ్చారా?"

"రెండూనండి" అన్నాను.

నా వెనక తవ్వుతున్నవాళ్లు గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు. నన్ను అక్కడే ఎండలో నిలబెట్టి, పొడుగాటి కాలువంతా తిరిగి వచ్చి, నా ముందునుంచే వెళ్లిపోయాడు. వెళ్లమని చెప్పలేదు. పొద్దువాలేదాకా నిలబడ్డాను. ఆ 'రెండూనండి' అనకపోతే పాక ఉండేదేమోనని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం మానేశాను.

ఆ మరుసటి వేసవిలో పాక లేవలేదు. వాసాలూ తాటాకులూ లాకుల దగ్గర వేరే చోట లేచాయి. పై అధికారి తనిఖీకి వస్తున్నాడట, ఆయన గుర్రానికి పందిరి. నేను అడిగితే ఓవర్సీరు అన్నాడు: "ధర్మసత్రాలు రాజమహేంద్రవరంలో బోలెడున్నాయి. ఇది కాలువ."

మా అమ్మకు చెప్పాను.

"గుర్రానికీ నీడ కావాలి గదరా, నోరులేనిది" అంది. మళ్లీ తనే, "పిల్లలకి మాత్రం ఏం నోరుంది, ఏడవడానికి తప్ప" అంది.

మళ్లీ కర్రలకు చీర కట్టి దాని కింద కూర్చుంటానంది. గట్టుమీద ఏదీ కట్టరాదని ఉత్తర్వు. ఆ గుర్రం మీద నాకు కోపం లేదు. దాన్ని నేను చూశాను కూడా. తెల్లని మంచి గుర్రం.

ఆ ఏడే మా బావ, మా చెల్లెలి మొగుడు, కాకినాడలో ఓడెక్కి రంగూను వెళ్లాడు. బియ్యపు మిల్లులో పని. చెల్లెలికి ఎనిమిదినెలల ఆడపిల్ల. కింద రెండు పళ్లు వచ్చాయి. ఇంట్లో అమ్మ కూడా అంతలోనే మంచం పట్టింది, పిల్లను చూసుకోలేదు. చెల్లెల్ని నా జట్టులోనే తట్టకు పెట్టాను. పిల్లను వెంట తెచ్చుకునేది. పాక లేకపోయినా, అమ్మ చేతే తన చీర నీలపు అంచు పోగు పిల్ల కాలికి కట్టించింది.

పాక లేని కాలువ మునుపటిలాగే అయింది. తల్లులు పొద్దెక్కగానే పోవడం, పారలు ఆగడం. పెద్ద వంపు నా జట్టు పాలికి వచ్చింది. ఓవర్సీరు వచ్చి చూసి, "ఈ వంపు వేళకు కాకపోతే నీ జట్టును తీసేసి వేరేవాళ్లకిస్తా" అన్నాడు. నా జట్టు అంటే ముప్పై ఇళ్లు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఏ అర్జీలోనూ దీన్ని రాయలేదు.

ఎంత లోతు తవ్వామో కొలిచేవాళ్లకు తెలియాలంటే గుర్తు ఉండాలి. అందుకని తవ్వినచోట మధ్యలో అక్కడక్కడ మట్టి దిమ్మెలు తవ్వకుండా వదిలేస్తాం. దిమ్మె ఎంత ఎత్తు ఉంటే అంత లోతు తవ్వినట్టు. ఓవర్సీరు వచ్చి కొలిచాక వాటినీ పడగొట్టేస్తాం. కొందరు మేస్త్రీలు దిమ్మెకు తల పెడతారు. అంటే తడిమట్టి పెళ్లలు తెచ్చి దిమ్మె నెత్తిన జానెడు ఎత్తు అంటించి, పైన ఎండుగడ్డి అతికిస్తారు. తవ్వింది తక్కువైనా కొలతలో ఎక్కువ కనబడుతుంది. నేను మేస్త్రీ అయిన నాటి నుంచీ ఒక్క దిమ్మెకూ తల పెట్టలేదు. పెట్టినవాళ్లను నలుగురిలో తిట్టాను. ఆ వేసవిలో పెద్ద వంపులో ఒక దిమ్మెకు పెట్టాను. నా చేత్తోనే పెట్టాను. తెల్లవారుజామున, జట్టు రాకముందు. మూడోరోజు కొలతకు వస్తానన్నాడు ఓవర్సీరు. తల మూడురోజులు నిలుస్తుంది. ఆ తర్వాత ఎండకు బీటలు తీస్తుంది.

ఆ కాలువ అడుగున నీడ ఉండేది దిమ్మెల పక్కనే. పొద్దు కాస్త పడమటికి వాలగానే ఒక్కొక్క దిమ్మె పక్కన ఒక గుడ్డెడు నీడ పడేది. తల్లులందరూ పిల్లల్ని తెచ్చి అక్కడే పడుకోబెట్టేవారు. గట్టుమీద కట్టరాదన్నారు గాని అడుగున పడుకోబెట్టరాదని ఎవరూ అనలేదు.

మా చెల్లెలు పిల్లను తెచ్చి ఆ దిమ్మె పక్కనే వేసింది. అన్నిటిలోకి అదే ఎత్తు. నీడా దానిదే ఎక్కువ.

"అక్కడ వద్దు. ఇటు తీసుకురా" అన్నాను.

"ఎందుకన్నయ్యా? ఇక్కడే గదా నీడుంది."

"వద్దన్నాను గదా."

"ఎండలో ఎయ్యమంటావేంటి అయితే? నీ తలపాగా ఇయ్యి, కప్పుతాను."

పక్కన తట్ట ఎత్తుకుంటున్న ఆమె అందుకుంది. "మేస్త్రీగారికి దిమ్మె మీదున్న ప్రేమ మేనకోడలి మీద లేదమ్మా! కొలతలోళ్లొచ్చేదాకా దాన్ని ఎవరూ తాకకూడదంట!"

అందరూ నవ్వారు. పక్క జట్టువాళ్లు వింటున్నారు. గట్టుమీద ఓవర్సీరు బంట్రోతు చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. దానికి తల పెట్టాను, పడుతుంది అని చెల్లెలి చెవిలో చెప్పడానికి ఎంతసేపు? చెప్పలేదు. తలపాగా విప్పి ఇచ్చాను. ఆమె విసురుగా పిల్లను ఎత్తుకుని ఇంకో దిమ్మె పక్కకు మార్చింది. మరునాడూ అక్కడే వేసింది. చెప్పినమాట విన్నది గదా అనుకున్నాను.

మూడోరోజు ఓవర్సీరు రాలేదు. నాలుగోరోజూ రాలేదు. ఐదోరోజు పొద్దున నేనే లాకుల దగ్గరికి వెళ్లాను, కొలతకు ఎప్పుడొస్తారో అడుగుదామని. తనిఖీ హడావిడిలో ఉన్నారు. బయట నిలబడమన్నారు. గుర్రప్పందిరి ఎదురుగానే నిలబడ్డాను. మధ్యాహ్నం దాటాక ఎవరో వచ్చి ఇవాళ కుదరదు పొమ్మన్నారు.

తిరిగి వచ్చేసరికి పెద్ద వంపులో ఎవరూ తవ్వడం లేదు. గట్టుమీదినుంచే కనబడింది, అందరూ ఒకేచోట గుమిగూడి ఉన్నారు. నేను లేనని, నేను తిట్టనని, చెల్లెలు పిల్లను మళ్లీ ఎక్కువ నీడ ఉన్నచోటే వేసింది. ఆ రోజు ఎండ అలా ఉంది. దిమ్మె తల ఊడి పడింది. పెద్ద చప్పుడు కూడా కాలేదట. తట్ట బోర్లించినట్టు అయిందట, ఎవరో తట్ట దింపారనుకున్నారట.

నేను దిగేసరికి మా చెల్లెలు మట్టి పెళ్లలు చేత్తో తీస్తోంది. ఒక్కొక్క పెళ్లా తీసి చూసి పక్కన పెడుతోంది, విరక్కుండా. ఏడవడం లేదు. పిల్ల కాలు కనబడింది. నీలపు పోగు అలాగే ఉంది. నా తలపాగా కప్పే ఉంది.

ఆ సాయంత్రం ఓవర్సీరు వచ్చాడు. ఐదురోజులు నేను ఎదురుచూసిన మనిషి, వచ్చాడు. దిమ్మె వంక చూశాడు. కింద పడ్డ పెళ్లల వంక చూశాడు. నా వంక చూశాడు.

"మేస్త్రీ, వడదెబ్బేగా?" అన్నాడు.

"చిత్తం" అన్నాను.

అలాగే రాసుకున్నాడు. తల లేని దిమ్మెను కొలుచుకున్నాడు. నా జట్టును తీసెయ్యలేదు. ఆయన నన్ను ఏమీ అడగలేదు, నేను ఆయన్ను ఏమీ అడగలేదు.

మృగశిర కార్తెకు నీరు వదిలారు. పెద్ద వంపులో సగం పూడిక అలాగే ఉంది. నీరు అక్కడే తన్ని పై ఊళ్ల గట్లమీద పొర్లింది. మా తూము దగ్గరికి శ్రావణం వెళ్లాక వచ్చింది. ఆకుమళ్లు ఎండిపోయాయి. మరుసటి ఏడూ అంతే. ఆ మరుసటి ఏడూ అంతే. దాళవా మాట ఎవరూ ఎత్తలేదు. చెల్లెలు పెయ్యను అమ్మేసింది. కొనేవాళ్లు లేక లాకుల దగ్గర సంత పై ఊరికి తరలిపోయింది, గానుగవాడు ఎద్దుతో సహా వెనక్కి పోయాడు. మగవాళ్లు ఒక్కొక్కరే కాకినాడ దారి పట్టారు. ఒక్క తాటాకు పాక తీసేసినందుకే ఇదంతా అయిందంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. నవ్వాక, ఇంకే కారణమో చూపించండి. ఆ వేసవికీ ముందటి వేసవికీ కాలువ మారలేదు, పారలు మారలేదు, గోదావరి మారలేదు.

మా బావ రంగూను నుంచి ఉత్తరాలు రాయించేవాడు. పిల్ల నడుస్తోందా అని ఒకదానిలో. మాటలొచ్చాయా అని ఇంకోదానిలో. మా ఇంట్లో చదువూ రాతా వచ్చినవాణ్ణి నేనే. చెల్లెలికి పైకి చదివి వినిపించేవాణ్ణి. ఏం రాయమంటావని అడిగితే ఆమె లేచి లోపలికి పోయేది. నేను జవాబు రాయలేదు. ఒక్కదానికీ రాయలేదు. జవాబు రాకపోవడం అంటే ఏమిటో నాకు రెండువైపులా తెలుసు.

మూడేళ్లకు అతను వచ్చాడు. రేకుపెట్టెలో చిన్న పట్టు పరికిణీ తెచ్చాడు. వయసు గుర్తుపెట్టుకుని, ఎంత ఎదిగి ఉంటుందో ఊహించి, సరిగ్గా ఆ కొలతకే తెచ్చాడు. వడదెబ్బ అని చెప్పాను. అతను పెట్టె మూసేశాడు. మా చెల్లెలు గుమ్మంలో నిలబడి నన్నే చూసింది. వాళ్లకు ఆ తర్వాత పిల్లలు కలగలేదు.

అమ్మ అంతకుముందే పోయింది. పోయేముందు నాలుగురోజులు పిల్లల కాళ్లకు పోగులు కడుతున్నట్టు వేళ్లు ఆడిస్తూనే ఉంది.

అర్జీలు అప్పటినుంచి మొదలుపెట్టాను. పాక తీసేశారని రాశాను. వాసాలు ఎక్కడికి పోయాయో రాశాను. పూడిక ఎందుకు మిగిలిందో, సంత ఎందుకు పోయిందో రాశాను. నన్ను నిలబెట్టిన ప్రతి చోటూ రాశాను. పంపేముందు అరుగుమీద కూర్చుని పైకి ఒకసారి చదువుకోవడం నాకు అలవాటు. మా చెల్లెలు ఇల్లు మా పక్కనే. అన్నీ వింటూనే ఉంది, ఇరవై ఏళ్లపాటు.

మొన్న పదిహేనోది రాసుకుని చదువుకుంటున్నాను. ఆమె బియ్యం చెరుగుతూ చేట ఆపింది.

"అన్నయ్యా, పాక సంగతి రాశావు. గుర్రం సంగతి రాశావు. పొడుం పొట్లం కూడా రాశావు."

"అవును."

"దిమ్మెకి తలెవరు పెట్టేరో రాయలేదేంటి?"

కాగితం ఒళ్లో పెట్టుకున్నాను. "నీకెలా తెలుసు?" అన్నాను.

"మట్టి తీసింది నేనే గదా. అడుగు మట్టీ నెత్తి మట్టీ ఒక రంగుంటాయేంటి? పెళ్లమీద వేళ్ల అచ్చులున్నాయి. నీ చిటికెనవేలు వంకర గదా."

ఆమె కేకలెయ్యలేదు. మళ్లీ చేట ఆడించింది. ఊక ఎగిరి నా కాగితం మీద పడింది.

"రాస్తే వాళ్లు దాన్నే పట్టుకుంటారే" అన్నాను. "మేస్త్రీ దొంగకొలత పెట్టాడు, పిల్ల అందుకే పోయింది అని నామీద తోసేసి ఊరుకుంటారు."

"పట్టుకోనీ. నీ తప్పు దాచుకుని వాళ్ల తప్పు రాత్తే ఎవరు నమ్ముతారు? నువ్వు చిత్తం అన్నావంట గదా ఆ రోజు. అదీ రాయి." చేట కింద పెట్టి అంది: "ఈ ఏడు మన జట్టులో పాలు తాగే పిల్లలు తొమ్మిదిమందున్నారు. లెక్కెట్టేను. అమ్మ కూకున్నట్టు నేను కూకుంటాను. మోకాళ్లు పోయేయి, ఎలాగూ తట్ట ఎత్తలేను. పాక ఎయ్యమని రాయి. కూలి ఇత్తారో ఇవ్వరో తరవాత సంగతి. గట్టుమీద కట్టుకోనిత్తారా లేదా, అదడుగు."

పదిహేనోది చించేశాను. దాని బదులు ఇది రాస్తున్నాను.

నా వంతు అయిపోయింది. దిమ్మెకు తల పెట్టింది నేను. చెల్లెలికి చెప్పకుండా ఊరుకున్నది నేను. వడదెబ్బేగా అంటే చిత్తం అన్నది నేను. దీనికి ఏ శిక్ష వేసినా లాకుల దగ్గరికి వచ్చి నిలబడతాను. నిలబడటం నాకు కొత్త కాదు.

ఇప్పుడు మీ వంతు. ఆ పాక తీసెయ్యమన్నది ఎవరు? ఓవర్సీరు తనంతట తాను తీశాడా, పైనుంచి చెప్పారా? కాలువకూ దానికీ సంబంధం లేదని రాసినవారు ఎప్పుడైనా కాలువ అడుగున, మధ్యాహ్నం వేళ, దిమ్మె పక్కన ఎంత నీడ పడుతుందో చూశారా? కోతలు అయిపోవచ్చాయి. ఇంకో నెలకు కాలువలు కట్టేస్తారు. తొమ్మిదిమంది పిల్లలు మళ్లీ ఆ దిమ్మెల పక్కకే వస్తారు. పెద్ద వంపు దగ్గర పాక వేస్తారా, వెయ్యరా? వెయ్యకపోతే, మమ్మల్నే వేసుకోనిస్తారా? కుదరదంటే కుదరదనే రాయండి, కింద సంతకం పెట్టండి. ఎవరో ఒకరు, కాలువ కట్టేసేలోగా, నాకు జవాబు చెప్పండి.